వెబ్‌సైటుకూ వాకబు కావాలి

ప్రశ్న: అయ్యా, మాది పి.గన్నవరం దగ్గర లంక ఊరండి. మా అమ్మాయి ఇంటర్ పాసై ఈ ఏడే అమలాపురంలో డిగ్రీలో చేరింది. కాలేజీ వాట్సాప్ గ్రూపులో 'మెరిట్ విద్యార్థులకు 25 వేల స్కాలర్‌షిప్, ఈ రాత్రితో ఆఖరు' అని లింకు వస్తే నెట్ సెంటర్‌కి వెళ్లి ఫారం నింపేసిందండి. ఆధార్ కార్డు రెండు వైపులా ఫొటో, బ్యాంకు పుస్తకం మొదటి పేజీ, టెన్త్ మెమో అన్నీ పెట్టింది. ప్రాసెసింగ్ ఫీజని 499 రూపాయలు నా ఫోన్లోంచి కట్టించింది. మర్నాడు ఎవరో ఫోన్ చేసి ఓటీపీ చెప్పమంటే భయమేసి పెట్టేసిందట. ఆ సైటుకి తాళం గుర్తు ఉంది, నాలుగు సింహాల ముద్ర కూడా ఉంది. ఇప్పుడు ఆ ఆధార్ నంబరుతో ఖాతాలో డబ్బు లాగేస్తారా? ఇంకో సంగతండి. మా చిన్నోడు తొమ్మిదో తరగతి. ధవళేశ్వరం ఆనకట్ట మీద ప్రాజెక్టు రాస్తుంటే మూడు సైట్లలో మూడు సంవత్సరాలు కనపడ్డాయి. ఏ సైటు నమ్మాలో, ఏది నమ్మకూడదో పిల్లలకి ఎలా చెప్పాలి? ఇంటిల్లిపాదికీ ఒకటే ఫోను.
– ఒక తల్లి, కోనసీమ

సమాధానం: అమ్మా, ముందు మీ గుండె కుదుటపడే మాట చెబుతాం. ఆధార్ నంబరు, ఖాతా నంబరు తెలిసినంత మాత్రాన ఎవరూ ఖాతాలో డబ్బు తీయలేరు. తీయాలంటే ఫోనుకొచ్చే ఓటీపీ గానీ, యూపీఐ పిన్ గానీ, వేలిముద్ర గానీ కావాలి. మీ అమ్మాయి ఓటీపీ చెప్పకుండా ఫోన్ పెట్టేసింది చూశారూ, పెద్ద దెబ్బ అక్కడే తప్పింది. ఆ మాట ఆమెతో అనండి. తిట్టారంటే రేపు ఇంకేదైనా జరిగినప్పుడు మీకు చెప్పకుండా దాచేస్తుంది. ఇలాంటి వాటిలో దాచిన ప్రతి గంటా దొంగకే కలిసొస్తుంది.

అలాగని ఊరుకోకూడదు. ఈ రోజే చేయాల్సిన పనులు కొన్ని ఉన్నాయి.

అన్నిటికన్నా ముందు 1930కి ఫోన్ చేయండి. డబ్బు పోగొట్టుకున్న సైబర్ మోసాల కోసం దేశమంతటికీ ఉన్న నంబరు అది. పోయింది 499 రూపాయలే కదా అనుకోవద్దు. అదే ఖాతాలోకి ఎంతమంది పిల్లల 499లు వెళ్లి ఉంటాయో. ఫిర్యాదు నమోదైతేనే ఆ ఖాతాలో డబ్బు ఆపించడానికి దారి ఏర్పడుతుంది, అదీ డబ్బు అక్కడి నుంచి ఇంకో ఖాతాకి జారిపోకముందే జరగాలి. ఫోన్ చేసేముందు ఒక కాగితం మీద ఇవి రాసి పెట్టుకోండి: డబ్బు కట్టిన తేదీ, గంట; యూపీఐ యాప్‌లో చరిత్రలోకి వెళ్లి ఆ చెల్లింపు మీద నొక్కితే కనపడే 12 అంకెల యూటీఆర్ నంబరు; డబ్బు ఏ పేరుకి, ఏ యూపీఐ ఐడీకి వెళ్లిందో; మీ అమ్మాయికి ఫోన్ వచ్చిన నంబరు. గ్రూపులో వచ్చిన ఆ లింకును ఎవరూ చెరిపేయకముందే స్క్రీన్‌షాట్ తీయండి. సైటు చిరునామా మొదటి నుంచి చివరి దాకా కనపడేలా ఇంకొకటి తీయండి. ఫిర్యాదు తీసుకున్నాక ఒక నంబరు ఇస్తారు, దాన్ని భద్రంగా రాసుకోండి. ఆ తర్వాత సైబర్‌క్రైమ్ డాట్ జీవోవీ డాట్ ఇన్‌లో ఆ వివరాలే నింపి, స్క్రీన్‌షాట్లు జతచేయాలి. ఆ పని అయ్యాక మీ అమ్మాయి చేత అదే గ్రూపులో 'ఈ లింకు మోసం, ఎవరూ నింపకండి' అని రాయించండి. ఆ గ్రూపులో ఇంకా ఎంతమంది నింపి, చెప్పుకోలేక ఊరుకున్నారో.

రెండోది వేలిముద్రకి తాళం. బ్యాంకు మిత్ర దగ్గర వేలు పెట్టి డబ్బు తీసుకుంటాం కదా, దానికి కావలసినవి ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర. మొదటి రెండూ ఇప్పుడు ఆ సైటువాళ్ల దగ్గర ఉన్నాయి. కాగితాల మీద పడ్డ వేలిముద్రల నుంచి నకిలీ ముద్రలు చేసి డబ్బు తీసిన కేసులు దేశంలో నమోదయ్యాయి. అందుకే ఆధార్ అధికారిక యాప్‌లో గానీ, మైఆధార్ డాట్ యూఐడీఏఐ డాట్ జీవోవీ డాట్ ఇన్‌లో గానీ మీ అమ్మాయి ఆధార్‌తో లాగిన్ అయి 'బయోమెట్రిక్ లాక్' పెట్టండి. లాగిన్‌కి ఓటీపీ వస్తుంది కాబట్టి ఆధార్‌కి జతచేసిన ఫోన్ నంబరు మీ దగ్గరే ఉండాలి. అది ఎప్పుడో పోయిన సిమ్ము అయితే ముందు ఆధార్ కేంద్రంలో నంబరు మార్పించుకోవాలి. ఒక్క ఇబ్బంది ఉంది. తాళం వేశాక రేషన్ దగ్గర, సచివాలయంలో ఈ-కేవైసీ దగ్గర ఆమె వేలిముద్ర పడదు. యంత్రం పాడైందనో, వేలు అరిగిందనో అక్కడ కంగారు పడకుండా, ఆ పని ఉన్న రోజు యాప్‌లోంచి తాత్కాలికంగా తాళం తీసుకుంటే సరిపోతుంది. అదే సైటులో ఆధార్ ఎక్కడెక్కడ వాడారో చూపించే జాబితా ఉంటుంది. నెలకోసారి చూడమనండి.

మూడోది, ఆధార్ ఫొటోతో ఇంకెవరైనా సిమ్ము తీసుకున్నారేమో చూడడానికి సంచార్ సాథీ అనే కేంద్ర ప్రభుత్వ సైటు ఉంది. ఫోన్ నంబరు కొట్టి ఓటీపీ ఇస్తే ఆమె పేరు మీద ఉన్న నంబర్లన్నీ కనపడతాయి. తెలియని నంబరు ఉంటే 'నాది కాదు' అని అక్కడే నొక్కవచ్చు.

నాలుగో పనిని చాలామంది మర్చిపోతారు. ఆ సైటులో ఖాతా తెరిచేటప్పుడు ఆమె పాస్‌వర్డ్ ఒకటి పెట్టి ఉంటుంది. అదే పాస్‌వర్డ్ ఆమె జీమెయిల్‌కి కూడా ఉందేమో అడగండి. ఉంటే, 1930కి ఫోన్ చేసిన వెంటనే, మిగతా పనులకన్నా ముందు ఇది మార్చాలి. ఎందుకంటే కాలేజీ పోర్టల్, డిజీలాకర్ (ధ్రువపత్రాలు దాచుకునే ప్రభుత్వ యాప్), బ్యాంకు, ఏది మర్చిపోయినా 'పాస్‌వర్డ్ మార్చుకోండి' అనే ఉత్తరం వచ్చేది జీమెయిల్‌కే. జీమెయిల్ చేతికి చిక్కితే మిగతా తలుపులు ఒక్కొక్కటే తెరుచుకుంటాయి. కొత్త పాస్‌వర్డ్‌కి పేరూ పుట్టిన తేదీ వద్దు. ఒకదానితో ఒకటి సంబంధం లేని నాలుగైదు తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో పక్కపక్కన రాస్తే పొడుగ్గా ఉంటుంది, గుర్తూ ఉంటుంది. పంటకాల్వ, గుమ్మడి, మంగళవారం, సైకిలు లాంటివి. ఇవే మాటలు మాత్రం పెట్టకండి, సొంతంగా ఎంచుకోమనండి. ఆపైన గూగుల్ ఖాతా సెట్టింగుల్లో రెండంచెల ధ్రువీకరణ (పాస్‌వర్డ్‌తో పాటు ఫోన్లో ఇంకోసారి సరిచూసే ఏర్పాటు) ఆన్ చేయమనండి.

ఇకముందు ఫోన్లు ఇంకా రావచ్చు. వాళ్ల దగ్గర ఆమె పేరు, ఊరు, మార్కులు, బ్యాంకు శాఖ అన్నీ ఉన్నాయి కాబట్టి 'మీ టెన్త్ మార్కులు ఇన్ని కదా, మీ ఖాతా ఫలానా శాఖలో కదా' అని సొంత మనుషుల్లా మాట్లాడతారు. ఆ వివరాలు ఇచ్చింది మనమే అన్నది ఆ క్షణంలో గుర్తు రాదు. స్కాలర్‌షిప్ వేయడానికి క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టమంటారు. పిన్ అవసరమయ్యేది డబ్బు పంపడానికీ, నిల్వ చూసుకోడానికీ మాత్రమే, డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. లేదా వాట్సాప్‌లో ఒక ఏపీకే ఫైలు (ప్లే స్టోర్‌తో పనిలేకుండా యాప్ ఎక్కించే ఫైలు) పంపి 'ఇది ఇన్‌స్టాల్ చేస్తే స్టేటస్ కనపడుతుంది' అంటారు. అది ఎక్కించి మెసేజీలు చదివే అనుమతి ఇచ్చామంటే, ఓటీపీ మనం నోటితో చెప్పక్కర్లేదు, అదే చదువుకుంటుంది. పీఎం కిసాన్ పేరుతోనూ, బండి చలానా పేరుతోనూ రైతుల ఫోన్లకి వచ్చేవి ఇలాంటి ఫైళ్లే. మీ వారికి కూడా చెప్పి ఉంచండి.

ఇప్పుడు తాళం గుర్తు సంగతి. ఆ గుర్తుకి అర్థం ఒక్కటే: మీ ఫోనుకీ ఆ సైటుకీ మధ్య వెళ్లే సమాచారాన్ని దారిలో ఇంకెవరూ చదవలేరని. అవతల ఉన్నవాడు మంచివాడని కాదు. దొంగ ఇంటికి కూడా గట్టి తాళం ఉంటుంది. ఆ తాళానికి కావలసిన సర్టిఫికెట్టు ఈ రోజుల్లో ఉచితంగా, నిమిషాల్లో వస్తుంది. జనం దీన్ని నమ్మకానికి గుర్తుగా పొరబడుతున్నారనే 2023 సెప్టెంబరులో గూగుల్ క్రోమ్ ఆ తాళం బొమ్మను తీసేసి మామూలు సెట్టింగుల గుర్తు పెట్టింది. ఇక నాలుగు సింహాల ముద్ర అంటారా, దాన్ని ఇష్టమొచ్చినట్టు వాడడం 2005 నాటి చట్టం ప్రకారం నేరమే. కానీ ఆ బొమ్మను కాపీ చేసి అతికించడానికి అర నిమిషం చాలు.

మరి ఏది చూడాలి? చిరునామా చూడాలి, అదీ సరైన చోట. మన పేర్లలో ఇంటిపేరు ముందుంటుంది, వెబ్ చిరునామాలో ఇంటిపేరు చివరుంటుంది. ఫోన్లో అయితే పైన చిరునామా గడి మీద ఒకసారి నొక్కితే పూర్తిగా కనపడుతుంది. మొదట్లో ఉండే హెచ్‌టీటీపీఎస్, ఆ జంట గీతలూ వదిలేసి, ఆ తర్వాత వచ్చే మొదటి ఒంటి ఏటవాలు గీత దగ్గర వేలు పెట్టండి. అక్కడి నుంచి ఎడమవైపుకి చదవండి. విద్యార్థుల ఫీజులు, స్కాలర్‌షిప్పుల కోసం ఉన్న రాష్ట్ర ప్రభుత్వ సైటు జ్ఞానభూమి చిరునామా 'జ్ఞానభూమి డాట్ ఏపీ డాట్ జీవోవీ డాట్ ఇన్'. చివరి నుంచి చదివితే ఇన్, జీవోవీ, ఏపీ, జ్ఞానభూమి. ఇంటిపేరు జీవోవీ డాట్ ఇన్. ఇప్పుడు మోసగాడు కట్టే చిరునామా ఎలా ఉంటుందో కల్పించి చూపిస్తాం: 'జ్ఞానభూమి డాట్ ఏపీ డాట్ జీవోవీ డాట్ ఇన్-ఫలానా డాట్ కామ్'. ముందు నుంచి చదివితే అచ్చం ప్రభుత్వానిదే. గీత దగ్గర నుంచి వెనక్కి చదివితే కామ్, 'ఇన్-ఫలానా'. అంతే, ఇంటిపేరు బయటపడిపోయింది. ముందున్న జ్ఞానభూమి, ఏపీ, జీవోవీ అన్నీ ఆ ఇంటివాడు తనకు తాను పెట్టుకున్న ముద్దుపేర్లు. ఎవరైనా పెట్టుకోవచ్చు. ఈ ఒక్క చదువు మీ పిల్లలిద్దరికీ వేలితో చూపించి నేర్పండి. పది చిరునామాలు చదివేసరికి కన్ను దానంతట అదే చివరకు వెళ్తుంది.

జీవోవీ డాట్ ఇన్ అనే ఇంటిపేరు ప్రభుత్వ కార్యాలయాలకే దొరుకుతుంది, ఏసీ డాట్ ఇన్ విద్యా సంస్థలకే ఇస్తారు. జాతీయ పరీక్షల సంస్థ ఎన్‌టీఏ సైట్లు కొన్ని ఎన్ఐసీ డాట్ ఇన్ అని కూడా ముగుస్తాయి, అదీ ప్రభుత్వానిదే. కామ్, ఆర్గ్, ఉత్త ఇన్, ఎక్స్‌వైజెడ్ లాంటివి డబ్బు కట్టిన ఎవరికైనా వస్తాయి. ఆర్గ్ అని ఉంది కాబట్టి సేవా సంస్థ అనుకోవడం చదువుకున్నవాళ్లు కూడా చేసే పొరపాటు. ఉత్త కామ్ ఉంటే మోసమనీ కాదు, మంచి పత్రికలూ నిజమైన ట్రస్టులూ కూడా అక్కడే ఉంటాయి. వాటికి వాకబు అవసరం, అంతే.

వాకబు అంటే మీకు కొత్త కాదు. పెళ్లి సంబంధం వస్తే వాళ్లింటికే వెళ్లి 'మీరు మంచివాళ్లేనా' అని అడగం. పక్కింట్లో అడుగుతాం, ఆ ఊళ్లో మనకి తెలిసినవాళ్లని అడుగుతాం. వెబ్‌సైటుకీ ఇదే పద్ధతి. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2017లో ఒక అధ్యయనం ప్రచురించారు. చరిత్రలో డాక్టరేట్ ఉన్నవాళ్లు 10 మంది, వృత్తిగా నిజనిర్ధారణ చేసేవాళ్లు 10 మంది, ఆ విశ్వవిద్యాలయం విద్యార్థులు 25 మంది. అందరినీ కూర్చోబెట్టి కొన్ని సైట్లు ఎంత నమ్మదగినవో చెప్పమన్నారు. ఒకచోట, పిల్లల డాక్టర్లకి ఉన్న పెద్ద జాతీయ సంఘం పేజీనీ, దాన్నుంచి విడిపోయిన చిన్న వర్గం పేజీనీ పక్కపక్కన పెట్టారు. పేర్లు దాదాపు ఒకటే. సగానికి మించిన విద్యార్థులు చిన్న వర్గం పేజీయే నమ్మదగ్గదన్నారు. డాక్టరేట్లు ఉన్నవాళ్లలో కూడా చాలామంది పేజీ పైనుంచి కింద దాకా శ్రద్ధగా చదివి, ముద్రలూ పేర్లూ చూసి తడబడ్డారు. నిజనిర్ధారణ వాళ్లు మాత్రం పేజీ చదవడం మొదట్లోనే ఆపేసి, పక్కన ఇంకో ట్యాబు తెరిచి 'ఈ సంస్థ గురించి మిగతావాళ్లు ఏమంటున్నారు' అని వెతికారు. తక్కువ సమయంలో సరైన జవాబు పట్టింది వాళ్లే.

మీ అమ్మాయి విషయంలో ఆ వాకబు ఇలా చేయవచ్చు. స్కాలర్‌షిప్ పేరు రాసి పక్కన 'మోసం', 'ఫేక్' అని చేర్చి వెతకాలి. పైన 'స్పాన్సర్డ్' అని ఉన్న ఫలితాలు డబ్బు కట్టి పెట్టించుకున్నవి, వాటిని దాటిపోవాలి. గూగుల్ ఫలితం పక్కన మూడు చుక్కలు ఉంటాయి, నొక్కితే ఆ సైటు గురించి బయట దొరికిన సంగతులు కొన్ని చూపిస్తుంది. 'హూఈజ్' అని వెతికి, అక్కడ సైటు ఇంటిపేరు కొడితే అది ఏ తేదీన నమోదైందో వస్తుంది. '20 ఏళ్లుగా విద్యార్థుల సేవలో' అని రాసుకున్న సైటు పోయిన నెలలో పుట్టి ఉంటే ఇంకేం చూడాలి?

వీటన్నిటికన్నా తేలికైన పరీక్ష కాలేజీలోనే ఉంది. కేంద్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్పులకి దారి స్కాలర్‌షిప్స్ డాట్ జీవోవీ డాట్ ఇన్, అంటే నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్. అక్కడ దరఖాస్తుకి ఫీజు లేదు. విద్యార్థి నింపిన దరఖాస్తును కాలేజీలో ఆ పని చూసే నోడల్ అధికారి సరిచూసి పైకి పంపాలి. రాష్ట్ర ఫీజు రీయింబర్స్‌మెంట్ కూడా కాలేజీ గుండానే నడుస్తుంది. కాబట్టి ఏ లింకు వచ్చినా కాలేజీ ఆఫీసులో 'ఇది మీ దగ్గరికి వెరిఫికేషన్‌కి వస్తుందా అండి?' అని ఒక్క మాట అడిగితే చాలు. ప్రభుత్వ ముద్ర పెట్టుకుని, కాలేజీ ఊసే లేకుండా, ముందుగా డబ్బు అడిగే స్కాలర్‌షిప్ నిజమైంది కాదు. 'ఈ రాత్రితో ఆఖరు' అనే మాట వాళ్లు రాసేది కూడా మీరు మర్నాడు పొద్దున్న ఆఫీసుకి వెళ్లి అడక్కుండా ఉండడానికే.

ఇంకో బాధ ఉంది, అది ఈ మోసగాళ్లతో సంబంధం లేనిది. నెట్ సెంటర్‌లో ప్రింటు కోసం ఆధార్, మెమో, కుల ధ్రువపత్రం అన్నీ ఆయన వాట్సాప్‌కి పంపేస్తాం. పని అయిపోయాక మన కాగితాలు ఆ ఫోన్లో, ఆ కంప్యూటర్లో ఏళ్ల తరబడి ఉండిపోతాయి. ఆయన మంచివాడే కావచ్చు, కానీ ఆ కంప్యూటర్ ముందు రోజుకి ఎంతమంది కూర్చుంటారో. వీలైతే డిజీలాకర్‌లోంచి చూపించండి. అక్కడ జారీ అయిన పత్రాలు చట్టప్రకారం అసలుతో సమానం. ఆధార్ ఇవ్వక తప్పకపోతే 'మాస్క్‌డ్ ఆధార్' అని మైఆధార్‌లో దొరుకుతుంది, అందులో చివరి 4 అంకెలే కనపడతాయి. పూర్తి నంబరు తప్పనిసరి కాని చోటల్లా అదే వాడండి. జిరాక్స్ ఇచ్చేటప్పుడు దాని మీద పెన్నుతో అడ్డంగా 'ఫలానా కాలేజీ స్కాలర్‌షిప్ దరఖాస్తు కోసం మాత్రమే' అని రాసి, తేదీ వేయండి. అక్షరాలు కార్డు బొమ్మ మీదుగా పోవాలి, అంచున రాస్తే కత్తిరించేస్తారు. చెడిపోయిన ప్రింట్లు అక్కడి చెత్తబుట్టలో వదలకుండా తెచ్చేసుకోండి. వాట్సాప్‌లో పంపితే ప్రింటు రాగానే 'డిలీట్ ఫర్ ఎవ్రీవన్' కొట్టండి, రెండు రోజులు దాటితే ఆ వీలు పోతుంది. కంప్యూటర్లోకి ముందే దిగిన కాపీ దాంతో పోదు కాబట్టి 'డౌన్‌లోడ్స్‌లోంచి కూడా తీసేయండి' అని అడిగి, రీసైకిల్ బిన్ ఖాళీ చేసేదాకా నిలబడండి. మొహమాటపడాల్సింది ఏమీ లేదు.

ఈ-ఆధార్ పీడీఎఫ్‌కి పాస్‌వర్డ్ ఉంది కదా అని ధైర్యంగా పంపేవాళ్లు ఉన్నారు. ఆ పాస్‌వర్డ్ పేరులో మొదటి నాలుగు పెద్దక్షరాలు, పుట్టిన సంవత్సరం. పక్కనే టెన్త్ మెమో కూడా పంపితే పేరూ పుట్టిన తేదీ రెండూ అందులోనే ఉంటాయి. తాళం వేసి తాళంచెవి గుమ్మంలో పెట్టినట్టే.

నెట్ సెంటర్ నుంచి ఇంటికొచ్చాక మీ ఫోన్లో రెండు చోట్ల చూడండి. వాట్సాప్ సెట్టింగుల్లో 'లింక్‌డ్ డివైజెస్'లో తెలియని కంప్యూటర్ ఉంటే లాగౌట్ కొట్టండి. గూగుల్ ఖాతాలో సెక్యూరిటీ కింద 'యువర్ డివైజెస్'లో నెట్ సెంటర్ కంప్యూటర్ ఇంకా కనపడితే సైనౌట్ చేయండి. ఇన్‌కాగ్నిటోలో తెరిచాం కాబట్టి ఫరవాలేదనుకుంటారు పిల్లలు. కిటికీలన్నీ మూసేశాక అది చరిత్రను, లాగిన్లను ఉంచుకోదు, అంతవరకే. దిగిన ఫైళ్లు కంప్యూటర్లోనే ఉంటాయి, తెరిచిన సైటుకీ, నెట్ ఇచ్చేవాళ్లకీ మనం వచ్చినట్టు తెలుస్తూనే ఉంటుంది.

ఇంట్లో ఒకటే ఫోను అన్నారు. దాని మీద పెద్దగా భయపడక్కర్లేదు. యూపీఐ యాప్‌కీ జీమెయిల్‌కీ విడిగా లాక్ పెట్టండి, చాలా ఫోన్లలో 'యాప్ లాక్' ఉంటుంది. చిన్నోడు ఆటలు దించుకుంటే సెట్టింగుల్లో 'పర్మిషన్ మేనేజర్' తెరిచి మెసేజీలు, కాంటాక్టులు, లొకేషన్, మైకు ఎవరెవరికి ఇచ్చారో చూడండి. క్యారమ్స్ ఆటకి మన మెసేజీలతో పనేముంది? 'తెలియని యాప్‌ల ఇన్‌స్టాల్' అనేది వాట్సాప్‌కీ క్రోమ్‌కీ ఆపేసి ఉంచండి. ఏపీకే ఫైళ్లకి అదే అడ్డుకట్ట. 18 ఏళ్లలోపు పిల్లల వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతిని నిర్ధారించుకోవాలని 2023లో చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం చెబుతోంది. దాని నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి, కంపెనీలు పూర్తిగా పాటించడానికి 18 నెలల గడువిచ్చారు. చట్టం ఉండడం మంచిదే. మోసగాడు మాత్రం అనుమతి అడగడు, అందుకే ఇంత వివరంగా చెప్పాల్సి వస్తోంది.

ఇక చిన్నోడి ఆనకట్ట. ఇది మాకు చాలా ఇష్టమైన ప్రశ్న, ఎందుకంటే ఇక్కడ మూడు సైట్లూ అబద్ధం చెప్పి ఉండకపోవచ్చు. ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలైంది, 1852లో పూర్తయింది. ఇప్పుడు మనం బస్సులో దాటే బ్యారేజీ వేరు. అది 1970లో మొదలుపెట్టి 1982కి పూర్తిచేసింది. దానికి కాటన్ పేరు పెట్టారు కాబట్టి కొన్ని సైట్లు రెండింటినీ కలిపేసి 'కాటన్ బ్యారేజీ 1852లో కట్టారు' అని రాసేస్తాయి. మీవాడికి కనపడిన మూడు సంవత్సరాలు ఇవేనేమో చూడమనండి. ఇవే అయితే ప్రతి సంవత్సరం పక్కన 'ఇది దేనికి జవాబు' అని రాసుకుంటే చిక్కు విడిపోతుంది: పని మొదలా, పూర్తా, పాతదా, కొత్తదా. వేరేది ఏదైనా ఉంటే, అది ఏ ఆధారంతో రాశారో ఆ పేజీలో వెతకాలి. ఆధారం లేకపోతే వదిలేయాలి.

అంకెలకైతే ఇంకో పరీక్ష ఉంది. బ్యారేజీకి 175 గేట్లని చదువుతాడు. నది అక్కడ నాలుగు పాయలుగా ఉంది: ధవళేశ్వరం పాయలో 70, ర్యాలిలో 43, మద్దూరులో 23, విజ్జేశ్వరంలో 39. కూడి చూడమనండి. 175 వస్తే ఆ అంకెలు ఒకదానికొకటి సాక్ష్యం చెప్పినట్టు. కూడిక సరిపోని పేజీలో ఎక్కడో అచ్చుతప్పు ఉంది.

పది సైట్లలో ఒకే మాట ఉంటే నిజమని పిల్లలు అనుకుంటారు. ఆ పేజీలోంచి ఒక వాక్యం యథాతథంగా తీసి, అటూ ఇటూ కొటేషన్ గుర్తులు పెట్టి వెతకమనండి. అదే వాక్యం అక్షరం మారకుండా పది చోట్ల కనపడితే సాక్షులు పదిమంది కాదు, ఒక్కడే. మిగతా తొమ్మిదిమందీ వాడి మాటే అప్పజెప్పారు. వికీపీడియా చూడొద్దని కొందరు మాస్టార్లు అంటారు. మా అభిప్రాయం వేరు: చూడాలి, కానీ పైన వ్యాసం దగ్గర ఆగకుండా కింద ఉన్న మూలాల దాకా వెళ్లాలి. మూలం ఇవ్వని వాక్యాన్ని ప్రాజెక్టులోకి ఎక్కించకూడదు. ఏఐ చాట్‌బాట్ల సంగతీ అంతే. తడుముకోకుండా తప్పు చెప్పగలవు కాబట్టి, అవి ఇచ్చిన సంవత్సరాన్ని ఇంకోచోట సరిచూడాలి. పాత మూలం కావాలంటే 1907లో అచ్చయిన గోదావరి జిల్లా గెజిటీర్ (జిల్లా వివరాలన్నీ ఉన్న ప్రభుత్వ గ్రంథం) స్కాను ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా చదువుకోవచ్చు. ఇంగ్లీషు కాస్త బరువుగా ఉంటుంది, అక్క సాయం చేయాలి. రాజమహేంద్రవరం వెళ్లే పనుంటే గౌతమీ గ్రంథాలయం, ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం ఉన్నాయి.

పేజీ తేదీ చూడడం కూడా నేర్పండి. అమలాపురం తూర్పు గోదావరి జిల్లాలో ఉందని రాసిన పేజీలు వందలు కనపడతాయి. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చాయి. అంతకు ముందు రాసినదైతే అప్పటికి అది ఒప్పే, తర్వాత రాసినదైతే ఎవరో పాతది చూసి ఎత్తి రాశారన్నమాట. ఏలూరు విషయంలోనూ ఇదే తికమక. వరదల్లో వచ్చే ఫార్వర్డ్‌లకి కూడా ఈ చూపే కావాలి. 'ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక' అని తేదీ లేని వీడియో వస్తే, మూడో హెచ్చరిక ఇచ్చేది నీటిమట్టం 17.75 అడుగులకి చేరినప్పుడు (మొదటిది 11.75, రెండోది 13.75) అని మీవాడికి తెలిసి ఉంటే, ఈ రోజు మట్టం ఎంతో రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ ప్రకటనలో చూసి రెండు నిమిషాల్లో తేల్చి చెబుతాడు. మీది లంక ఊరు కాబట్టి ఆ రెండు నిమిషాలకి విలువ ఎక్కువ. అనుమానంగా ఉన్నప్పుడు మాత్రం సామాన్లు సర్దడం ఆపకండి, ఫార్వర్డ్ చేయడం ఆపండి.

ప్రాజెక్టులో 1847, 1852, 1982 మూడూ రాయమనండి. ఒక్కోదాని పక్కన అది దేని సంవత్సరమో, ఎక్కడ చదివాడో, ఏ రోజు చూశాడో కూడా రాయమనండి. మాస్టారు అడిగితే పేజీ తెరిచి చూపించగలగాలి.